తిరుపతిలో పిల్లలను కరాటేకి పంపాలనుకుంటే: డోజో వెతుక్కోవడం నుంచి బ్లాక్ బెల్ట్ గ్రేడింగ్ దాకా

ఏప్రిల్ చివర్లో స్కూళ్లకు సెలవులివ్వగానే తిరుపతిలో గోడలన్నీ సమ్మర్ క్యాంప్ ఫ్లెక్సీలతో నిండిపోతాయి. ఎనిమిదేళ్ల కిందట అలాంటి ఒక ఫ్లెక్సీ చూసే మా పాపను కరాటేలో చేర్చాను. మూడో నెలలోనే గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష అన్నారు. ఒక ఫంక్షన్ హాల్లో సుమారు నూట నలభై మంది పిల్లలను నిలబెట్టి, అందరి చేతా కలిపి పది పంచ్‌లు, పది కిక్‌లు కొట్టించి, ఇరవై నిమిషాల్లో పసుపు బెల్టులు పంచేశారు. ఇంటికొచ్చాక పాప, "నాన్నా, నన్ను కటా చేయమని ఎవరూ అడగనే లేదు" అంది. కటా అంటే వరుస క్రమంలో చేసే కదలికలు. నెలరోజుల పాటు సాయంత్రం పూట మిద్దె మీద తను నేర్చుకున్నది ఆ కటానే. ఆ బెల్టు మళ్లీ కట్టుకోలేదు.

తర్వాత వేరే డోజోలో, అంటే కరాటే నేర్పే ఇంకో చోట, తెల్ల బెల్టుతో మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏడాది గడిచాక, 37 ఏళ్ల వయసులో నేనూ చేరాను. ఇప్పుడు ఇద్దరికీ బ్లాక్ బెల్ట్ ఉంది. వారానికి మూడు సాయంత్రాలు చిన్నపిల్లల వరుస నేనే చూస్తున్నాను. క్లాసు అయ్యాక గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. అన్నిటి వెనకా ఉన్న మాట ఒకటే: డోజో మంచిదా కాదా అన్నది గ్రేడింగ్ రోజు ఫొటోల్లో కనపడదు, మామూలు మంగళవారం క్లాసులో కనపడుతుంది.

1. ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది

పిల్లవాడికి ఒంట్లో చురుకుదనం రావాలనా, ఆడపిల్లకు ధైర్యం కావాలనా, పోటీలకు పంపాలనా? మూడూ ఒకే చోట దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. పోటీల మీద దృష్టి పెట్టిన క్లాసులో నెమ్మదిగా నేర్చుకునే బిడ్డ వెనక వరుసలో ఉండిపోతుంది. ఎందుకు చేరుస్తున్నామో ఒక్క వాక్యంలో అనుకుని బయల్దేరండి.

వయసు సంగతి. ఐదేళ్లకు ముందు చేర్చినా ఆటలాగే సాగుతుంది, తప్పు లేదు. ఆరు, ఏడేళ్ల నుంచి ఎడమ, కుడి గుర్తుంచుకుని కటా నేర్చుకోగలరు. పెద్దవాళ్లకు వయసు అడ్డం కాదు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకు చూపించుకుని, ఆ విషయం మాస్టరుకు మొదటి రోజే చెప్పాలి.

దూరం కూడా చూసుకోండి. కొర్లగుంటలో ఉంటూ తిరుచానూరు రోడ్డులో పేరున్న క్లాసు ఉందని చేరిస్తే, రద్దీ రోజుల్లో ట్రాఫిక్ దాటి వెళ్లడానికే ఓపిక అయిపోతుంది. ఇంటి నుంచి పావుగంటలో వెళ్లగలిగే ఓ మాదిరి క్లాసుకి వారానికి మూడు రోజులు వెళ్లడం, దూరంలో ఉన్న గొప్ప క్లాసుకి ఒక రోజు వెళ్లడం కంటే మేలు.

2. స్టైల్ గురించి ఎంత తెలిస్తే చాలు

కరాటే ఒకినావా దీవుల్లో పుట్టింది. గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతటా పాకింది. ప్రపంచ కరాటే సమాఖ్య పోటీల్లో ప్రధానంగా గుర్తించే స్టైళ్లు నాలుగు: ఫునకోషి నుంచి వచ్చిన షోటోకాన్, కెన్వా మబుని షిటో ర్యూ, చోజున్ మియాగి గోజు ర్యూ, హిరోనోరి ఒట్సుకా వాడో ర్యూ. షోటోకాన్‌లో నిలబడే భంగిమలు పొడవుగా, లోతుగా ఉంటాయి. గోజు ర్యూలో ఊపిరి మీద, దగ్గరి పోరాటం మీద పట్టు ఎక్కువ. షిటో ర్యూలో కటాలు చాలా ఎక్కువ. వాడో ర్యూలో జుజుత్సు అనే పాత జపాన్ పోరాట విద్య కలిసి ఉంటుంది. మాస్ ఒయామా మొదలుపెట్టిన క్యోకుషిన్ వేరే దారి, అందులో దెబ్బ పూర్తిగా తగిలేలా కొట్టుకుంటారు. చిన్నపిల్లలకు మొదట అది వద్దనే అంటాను.

టైక్వాండో కొరియాది, కాళ్ల పని ఎక్కువ, 2000 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. దాన్ని కరాటే అని పొరబడి చేర్చేవాళ్లను చూశాను. మన వైపు కర్రసాము నేర్పే పెద్దలు ఇంకా ఉన్నారు. మీ ఊళ్లో అలాంటివారు దొరికితే వదులుకోకండి.

స్టైల్ పేరు మీద ఇంతకంటే ఆలోచించనక్కర్లేదు. మీ వీధి చివర మంచి షిటో ర్యూ మాస్టర్ ఉంటే, షోటోకాన్ కోసం ఊరి అవతలికి వెళ్లాల్సిన పనిలేదు.

3. చెప్పకుండా వెళ్లి క్లాసు చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. ఫోన్ చేసి వస్తున్నామని చెబితే సీనియర్లను ముందు వరుసలో పెట్టి చూపిస్తారు. మామూలు రోజు సాయంత్రం వెళ్లి, గోడ పక్కన కూర్చుని, క్లాసు మొదలైనప్పటి నుంచి చివరి వందనం దాకా చూడండి. చూడనివ్వం అంటే అక్కడితో ఆపేయండి. "పిల్లలు మిమ్మల్ని చూసి సరిగా చేయరు" అన్న మాటలో కొంత నిజం ఉంది. అయినా చేర్చే ముందు ఒక్కసారి కూడా చూడనివ్వని చోట బిడ్డను వదలకూడదు.

మా పాప రెండో డోజోను ఎంచుకున్నది అలా చూశాకే. ఒక స్కూలు ఆవరణలో, సిమెంటు గచ్చు మీద క్లాసు. ఏడేళ్ల పిల్లవాడు జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు కాలు మడిచి వెనక కాలు చాచి నిలబడే భంగిమలో ఉన్నాడు. వెనక మడమ పదే పదే లేస్తోంది. మాస్టర్ అరవలేదు. జేబులోంచి బస్సు టికెట్ తీసి, మడిచి, ఆ మడమ కింద పెట్టారు. "నేను లాగితే ఇది రాకూడదు నాయనా" అన్నారు. లాగితే వచ్చేసింది. మళ్లీ పెట్టారు. మళ్లీ వచ్చింది. నాలుగోసారి పిల్లవాడు నడుము కొద్దిగా కిందికి దించి, వెనక కాలు బిగించాడు. లాగితే టికెట్ చిరిగి సగం మాస్టర్ చేతిలోకి వచ్చింది, సగం మడమ కిందే ఉండిపోయింది. "ఇప్పుడు పంచ్ కొట్టు" అన్నారు. ఆ పంచ్ చప్పుడు గోడ దగ్గర కూర్చున్న నాకు వినపడింది.

వరుసలో అందరికంటే వెనకబడ్డ పిల్లవాడి దగ్గర మాస్టర్ ఎంతసేపు ఆగుతున్నారో గమనించండి. చురుకైన పిల్లలను ఎవరైనా మెచ్చుకుంటారు.

ఇంకా ఇవి చూడండి. మాస్టర్ స్వయంగా నేర్పుతున్నారా, లేక ఫోన్ పట్టుకుని మూల కుర్చీలో కూర్చుంటే పద్నాలుగేళ్ల సీనియర్ క్లాసు నడుపుతున్నాడా? సీనియర్లు సాయం చేయడం డోజో పద్ధతే, కానీ పెద్దవాళ్లు ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. తప్పు చేస్తే కర్రతో కాళ్ల మీద కొడుతున్నారా? కరాటేలో అది మామూలే అంటారు. కాదు. మధ్యలో నీళ్లు తాగనిస్తున్నారా? మే నెలలో మన తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నీళ్లు ఆపడం క్రమశిక్షణ కాదు, వడదెబ్బకు దారి.

పిల్లల కాళ్లు సాగాలని ఒకరు వీపు మీద కూర్చుని, ఇద్దరు కాళ్లు పట్టి విడదీసే చోట కూడా చేర్చకండి. బిడ్డ ఏడుస్తుంటే "రెండు రోజులు నొప్పి, తర్వాత అలవాటైపోతుంది" అంటారు. అలా తొడ కండరం చిరిగితే నెలల తరబడి మానదు. సాగదీయడం నెమ్మదిగా, బిడ్డ తనంతట తానే, ఒళ్లు వేడెక్కాక చేయాలి. క్లాసు మొదట్లో కదులుతూ చేసే వార్మప్, ఒకచోట ఆగి సాగదీసేవి క్లాసు చివర. కప్పగంతులు, గుంజీల్లో నడకలు వందలకొద్దీ చేయిస్తే మోకాళ్లు అరుగుతాయి.

ఆగస్టు 15కో స్కూల్ యానివర్సరీకో పెంకులు పగలగొట్టడం, ట్యూబ్‌లైట్లు విరగ్గొట్టడం, పొట్ట మీదుగా బైకు పోనివ్వడం మన ఊళ్లలో చూస్తుంటాం. జనం చప్పట్లు కొడతారు. ఎదిగే పిల్లల చేతి ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి, ఆడపిల్లలకు పదమూడు నుంచి పదిహేను, మగపిల్లలకు పదిహేను నుంచి పదిహేడేళ్లకు గానీ అవి గట్టిపడవు. పదేళ్ల పిల్లవాడి చేత పెంకులు పగలగొట్టించే చోట, సిమెంటు గచ్చు మీద పిడికిళ్లతో దండీలు తీయించే చోట మీ బిడ్డ ఉండకూడదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు.

4. మాస్టర్‌ని అడగాల్సినవి

మర్యాదగా అడిగితే మంచి మాస్టర్లు నొచ్చుకోరు, సంతోషిస్తారు. "సార్, మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? మీ డాన్ సర్టిఫికెట్ ఏ సంస్థది?" అని అడగండి. డాన్ అంటే బ్లాక్ బెల్ట్‌లో మెట్లు. చాలా సంస్థల్లో మొదటి డాన్ నుంచి రెండో దానికి కనీసం రెండేళ్లు, రెండు నుంచి మూడుకి మూడేళ్లు, అలా పెరుగుతూ పోతుంది. ఈ లెక్కన ఐదో డాన్ రావాలంటే మొదటి డాన్ తర్వాత పద్నాలుగేళ్లు కావాలి. ముప్పై ఏళ్లకే ఎనిమిదో డాన్, గ్రాండ్ మాస్టర్ అని ఫ్లెక్సీలో ఉంటే మీరే లెక్క వేసుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "మీరిప్పుడు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు సార్?" ఈ వయసులోనూ ఏడాదికి ఒకటి రెండు సార్లు చెన్నైకో బెంగళూరుకో వెళ్లి తన సెన్సాయ్, అంటే గురువు దగ్గర ప్రాక్టీస్ చేసే మాస్టర్ దొరికితే మీ అదృష్టం.

డబ్బు సంగతి. నెల ఫీజు ఒక్కటే అడిగి వచ్చేస్తే తర్వాత ఇబ్బంది పడతారు. కాగితం మీద ఏడాది లెక్క రాయించుకోండి: నెల ఫీజు పన్నెండు సార్లు, డ్రెస్సు, ప్రతి గ్రేడింగ్ ఫీజు, బెల్టు, సర్టిఫికెట్ విడిగానా కలిపేనా, ఏడాది మెంబర్‌షిప్, పోటీల ఎంట్రీ, గ్లోవ్స్, షిన్ గార్డులు. బెల్టు పెరిగేకొద్దీ గ్రేడింగ్ ఫీజు పెరుగుతుంది, బ్లాక్ బెల్ట్ ఫీజు ఎక్కువగానే ఉంటుంది. అది ఎంతో మొదట్లోనే అడగండి. చెప్పడానికి తడబడితే అనుమానించాలి.

"ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ, మొత్తం ప్యాకేజీ ఇంత" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. వారానికి మూడు రోజులు శ్రద్ధగా చేసే బిడ్డకు నాలుగైదేళ్లు పడుతుంది. మా పాపకు తెల్ల బెల్టు నుంచి ఆరేళ్లు పట్టింది. మధ్యలో కరోనా వచ్చింది. అది లేకున్నా ఐదేళ్లు పట్టేదే.

5. బిడ్డ భద్రత

ఈ విషయంలో మొహమాటపడకండి. తలుపులు తెరిచి ఉండే హాలు, బయటి నుంచి కనపడే కిటికీలు ఉండాలి. భంగిమ సరిచేయడానికి చేయి, భుజం తాకడం మామూలే, అదీ అందరి ముందు, చెప్పి చేయాలి. విడిగా ఒక్క బిడ్డకే తలుపులు మూసి ప్రత్యేక క్లాసు అంటే ఒప్పుకోవద్దు. బయటి ఊరి పోటీలకు ఆడపిల్లలను తీసుకెళ్తే వెంట ఒక మహిళ ఉండాలి. ఏదైనా జరిగిందని బిడ్డ చెబితే ముందు నమ్మండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు, పోక్సో చట్టం ఉన్నవి అందుకే.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. నెలసరి రోజుల్లో తెల్ల డ్రెస్సు వేసుకోవాలంటే పిల్లలకు టెన్షన్. లోపల ముదురు రంగు షార్ట్స్ వేయండి. ఒంట్లో బాగోలేకపోతే కూర్చుని చూడటానికి అనుమతి ఉంటుందా అని ముందే కనుక్కోండి. పదమూడేళ్లకు క్లాసు మానేసే ఆడపిల్లల్లో చాలామంది ఈ చిన్న విషయం పైకి చెప్పుకోలేకే మానేస్తారు.

6. మొదటి మూడు నెలలు

ఒకటి నుంచి పది దాకా జపనీస్ లెక్క, ఇచి, ని, సాన్, షి, గో, రోకు, షిచి, హాచి, క్యూ, జు, మొదటి వారంలోనే వచ్చేస్తుంది. ఇంట్లో వాళ్లు కూడా నేర్చుకుంటే బిడ్డకు భలే సంతోషం. హజిమే అంటే మొదలు, యామే అంటే ఆపు, రే అంటే వంగి వందనం.

పిడికిలి ఇంట్లో మీరే చూడండి. నాలుగు వేళ్ల చివర్లు అరచేతి వైపు మడవాలి, తర్వాత రెండో మడత గట్టిగా చుట్టాలి, బొటనవేలు బయటి నుంచి చూపుడు, మధ్య వేళ్ల మీద పడాలి. దెబ్బ తగలాల్సింది చూపుడు, మధ్య వేళ్ల కణుపులతోనే. మణికట్టు వంగకూడదు. ముంజేతి మీద స్కేలు పెడితే పిడికిలి దాకా తిన్నగా ఆనాలి. చాలామంది చిన్నపిల్లలు బొటనవేలు లోపలికి దాచుకుంటారు. అలా ఏదైనా కొడితే మొదట విరిగేది ఆ వేలే. మొదటి నెలలో ఈ ఒక్కటీ సరిగ్గా వస్తే చాలు.

గాలిలో పంచ్, కిక్ కొట్టేటప్పుడు మోచేయి, మోకాలు చివరిదాకా టక్కున బిగించనివ్వకండి. రవ్వంత వంపు ఉంచాలి. లేకపోతే ఆ కీళ్లే ముందు నొప్పి పెడతాయి.

ఇంటి ప్రాక్టీసుకు రోజుకి పదిహేను నిమిషాలు చాలు. గంట పెడితే వారం తిరక్కుండానే మానేస్తారు. ఐదు నిమిషాలు భంగిమలు, ఐదు నిమిషాలు ఒకే ఒక్క టెక్నిక్, చివరి ఐదు నిమిషాలు కటా. అద్దం ముందు ఒకసారి, అద్దం లేకుండా ఒకసారి. పొద్దున ఆరు లోపు మిద్దె మీద చేస్తే మన ఎండ బాధ ఉండదు.

కాళ్లలో బలం రావాలని అలిపిరి మెట్లు ఎక్కించేవాళ్లు మన దగ్గర ఉన్నారు. 3,550 మెట్లు ఎక్కడం పెద్దవాళ్లకు, పదిహేనేళ్లు దాటిన పిల్లలకు మంచి వ్యాయామమే. చంద్రగిరి వైపున్న శ్రీవారి మెట్టు దారిలో 2,388. కానీ మోకాళ్లకు కష్టం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దర్శనం చేసుకుని బస్సులో దిగండి. అది భక్తులు గోవింద నామంతో నడిచే దారి, అక్కడ పరుగు పందేలు, కియాయ్ అరుపులు వద్దు. 2023లో చిరుత ఘటనల తర్వాత పిల్లలను మెట్ల దారిలో ఏ వేళల్లో అనుమతించాలో టీటీడీ నిబంధనలు పెట్టింది. వెళ్లే ముందు ఆ వేళలు కనుక్కోండి.

7. గ్రేడింగ్

బెల్టుల లెక్క చాలామందికి తికమక. రంగు బెల్టులకు క్యూ అంటారు, అది పది నుంచి ఒకటికి తగ్గుతూ వస్తుంది. ఆ తర్వాత డాన్, అది ఒకటి నుంచి పెరుగుతూ పోతుంది. సాధారణంగా తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, ఊదా, తర్వాత మూడు దశల్లో బ్రౌన్. రంగుల వరుస స్కూలుకీ స్కూలుకీ మారుతుంది. కాబట్టి పక్కింటి బిడ్డ బెల్టుతో పోల్చి బాధపడకండి. జూడోలో జిగోరో కానో మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఫునకోషి 1924లో కరాటేలోకి తెచ్చి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. రంగురంగుల బెల్టులు కరాటే పుట్టిన నాటి నుంచీ ఉన్నవి కావు.

మొదటి బెల్టులకు మూడు నాలుగు నెలల గడువు, బ్రౌన్ దశల్లో ఆరు నెలలు, మొదటి డాన్‌కు ముందు అంతకంటే ఎక్కువ. గడువు నిండినంత మాత్రాన బిడ్డ సిద్ధమైనట్టు కాదు. మా దగ్గర గ్రేడింగ్‌కు ఆరు వారాల ముందు మాస్టర్ ఒక్కొక్కరినీ పిలిచి, "నువ్వు ఈసారి రా, నువ్వు వచ్చేసారి" అని చెబుతారు. వచ్చేసారి అన్న పిల్లల తల్లిదండ్రులతో ఆ సాయంత్రమే మాట్లాడతారు. పేరిచ్చి ఫీజు కట్టిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టే గ్రేడింగ్‌కు విలువ లేదు.

పరీక్షలో మూడు భాగాలుంటాయి. కిహోన్ అంటే పంచ్, కిక్, దెబ్బను ఆపే బ్లాక్ లాంటి మూల పాఠాలు. కటా అంటే వరుస క్రమంలో కూర్చిన కదలికలు. కుమితే అంటే ఎదుటి మనిషితో తలపడటం. కింది బెల్టుల్లో కుమితే ముందే చెప్పి చేసే అడుగులు మాత్రమే.

షోటోకాన్‌లో మొదట నేర్పే కటాల్లో హెయాన్ షోదాన్ ఒకటి. 21 కదలికలు, రెండు కియాయ్‌లు, అంటే గట్టి అరుపులు. తొమ్మిదో కదలికలో, మూడో అగే ఉకే (చేయి పైకెత్తి దెబ్బను ఆపడం) దగ్గర ఒక కియాయ్. పదిహేడో కదలికలో, మూడో పంచ్ దగ్గర రెండోది. నాలుగో కదలికలో ముందు కాలు వెనక్కి లాగి పిడికిలిని సుత్తిలా పైనుంచి కొట్టాలి. పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే, ఎందుకంటే రెండో వైపు అది లేదు. పదో కదలిక ముందు వీపు వైపుగా పెద్ద మలుపు ఉంది, అక్కడ దిక్కు పోగొట్టుకుంటారు. ఇంట్లో గది నాలుగు గోడలకూ పేర్లు పెట్టండి: తలుపు గోడ, కిటికీ గోడ, టీవీ గోడ, బీరువా గోడ. "పెద్ద మలుపు తర్వాత ఏ గోడ?" అని అడగండి. మూడు రోజుల్లో కుదురుతుంది. గ్రేడింగ్‌కు వారం ముందు మాత్రం వేరే గదిలో, వేరే దిక్కుకు తిరిగి చేయించండి, లేకపోతే కొత్త హాల్లో గోడలు కనపడక ఆగిపోతారు.

పరీక్షించేవారు ఏం చూస్తారంటే, పంచ్ కొట్టే చేతికంటే నడుము దగ్గరికి లాగే చేతినే ఎక్కువ చూస్తారు. వెనక మడమ నేలకు ఆనిందా, తల పైకీ కిందికీ ఊగకుండా ఒకే ఎత్తులో సాగుతోందా, చూపు ముందుకు ఉందా నేల మీద ఉందా, ఆఖరి కదలిక అయ్యాక ఆగమన్నదాకా అలాగే నిలబడ్డాడా, లేక వెంటనే చొక్కా సర్దుకున్నాడా. తప్పు చేయడం పెద్ద విషయం కాదు. తప్పు చేశాక నాలుక కరుచుకోవడం, అమ్మ వైపు చూడటం, నవ్వేయడం, వీటికే మార్కులు పోతాయి. ఇంట్లో కటా మధ్యలో తప్పు వస్తే ఆపకండి. చివరిదాకా చేయనిచ్చి, తర్వాత చెప్పండి.

ముందు రోజు కొత్తది ఏదీ నేర్పకండి. డ్రెస్సు ఉతికి ఇస్త్రీ చేయండి, గోళ్లు కత్తిరించండి, కడియం, ఉంగరం, చెవి కమ్మలు తీసేయండి, జడ బిగించి వేయండి. కళ్లజోడు ఉంటే వెనక నుంచి పట్టీ. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో పెట్టండి. పొంగల్, పూరీ ఆ రోజుకి వద్దు.

గ్రేడింగ్ పోవచ్చు. రెండేళ్ల కిందట తొమ్మిదేళ్ల పిల్లవాడు కటా మధ్యలో అగే ఉకేల దగ్గర ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చేశాడు. బెల్టు రాలేదు. వాళ్లమ్మ కోపంగా వచ్చి, "ఇంత ఫీజు కట్టించుకుని ఇట్ల చేస్తే ఎట్ల సార్" అంది. మాస్టర్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "అమ్మా, మీవాడు ఆగిపోయినాడు, నిజమే. కానీ పారిపోలేదు. ఈ పొద్దు బెల్టు ఇస్తే, ఆగిపోయింది వాడికి తెలుసు, నాకు తెలుసు. ఆరు వారాలు ఆగండి, మళ్లీ చూస్తాను, ఫీజు వద్దు" అన్నారు. ఆరు వారాలకు మామూలు క్లాసులోనే చేసి చూపించి బెల్టు తీసుకున్నాడు. ఇంటికెళ్లే దారిలో "అందరికీ వచ్చింది, నీకే రాలేదు" అనకండి. ఆ రోజు ఇంకేమీ అనకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క మాట అనకండి.

బ్లాక్ బెల్ట్ పరీక్షకు కనీసం ఆరు నెలలు కేటాయించండి. రెండు మూడు గంటలు ఆగకుండా చేయాలి, పాత కటాలు కూడా అడుగుతారు. పదహారేళ్ల లోపు పిల్లలకు కొన్ని సంస్థలు జూనియర్ డాన్ ఇచ్చి, పెద్దయ్యాక మళ్లీ పరీక్ష పెడతాయి. అది మంచి పద్ధతే, దాన్ని చిన్నచూపు చూడొద్దు.

8. పోటీలు

ఆరు నెలలైనా కాకముందే పోటీలకు పంపడం నాకు ఇష్టం ఉండదు. పంపేటప్పుడు నిర్వాహకులెవరు, డాక్టరు ఉంటారా, కాంక్రీటు మీదా మ్యాట్ల మీదా, వయసు, బరువు ప్రకారం విడదీస్తారా అని అడగండి. ప్రపంచ సమాఖ్య నిబంధనల్లో పోటీ స్థలం ఎనిమిది మీటర్ల చదరం. పంచ్‌కు ఒక పాయింట్ యూకో, కడుపు లేదా వీపు మీద కిక్‌కు రెండు పాయింట్ల వజా అరి, తల ఎత్తుకు కిక్ కొడితే మూడు పాయింట్ల ఇప్పాన్. ఇంత తెలిస్తే గ్యాలరీలో కూర్చుని ఆట అర్థం చేసుకోవచ్చు.

కరాటే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది. స్పోర్ట్స్ కోటా సీటు కోసమే చేర్చాలనుకునేవాళ్లు, ఆ ఏడాది ప్రభుత్వ ఉత్తర్వుల్లో కరాటే ఉందా, ఏ సంఘం సర్టిఫికెట్లు చెల్లుతాయి అన్నది స్వయంగా చదవండి. పేరులో నేషనల్, ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన ఆ మెడల్ కోటాకు పనికిరాదు.

9. దెబ్బలు

బెణికితే ఆ రోజుకి ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. జండూ బామ్ రాసి గట్టిగా మర్దన చేయడం మొదటి రోజు వద్దు. తలకు దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు, నేరుగా ఆసుపత్రికే. స్పారింగ్, అంటే ఇద్దరూ ఎదురెదురుగా తలపడే సాధన మొదలయ్యే నాటికి మౌత్ గార్డ్ కొనండి. వేడి నీళ్లలో మెత్తబరిచి పళ్లకు అమర్చుకునే రకం చాలు.

10. పదో తరగతి, ఊరు మారడం

పదో తరగతి రాగానే మాన్పించేస్తారు. పూర్తిగా మాన్పించకండి. వారానికి ఒక క్లాసు, ఇంట్లో పది నిమిషాల కటా ఉంచండి. హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లలు కూడా పొద్దున స్టడీ అవర్‌కు ముందు మంచం పక్కన ఉన్న కాస్త జాగాలోనే ఒక కటా చేసుకోవచ్చు. మా పాప అలాగే చేసింది.

ఊరు మారితే, లేక డోజో మార్చాల్సి వస్తే, పాత మాస్టర్‌కు చెప్పి, వందనం చేసి రండి. గొడవపడి వచ్చినా సర్టిఫికెట్లు, గ్రేడింగ్ కార్డు మాత్రం అడిగి తీసుకోండి. చిత్తూరుకో బెంగళూరుకో వెళ్లి కొత్త డోజోలో చేరే మొదటి రోజు తెల్ల బెల్టు కట్టించి పంపండి. రంగు బెల్టు, కార్డు బ్యాగులో పెట్టండి. రెండు మూడు క్లాసులు చూశాక మాస్టర్ తానే "నీది ఏ బెల్టు?" అని అడుగుతారు, అప్పుడు తీసి చూపిస్తే చాలు.